12 ఏళ్ళ కుక్క, 11 ఏళ్ళ పాప: మొదటి వేటకు ఇద్దర్నీ కలిపి తీసుకెళ్ళొచ్చా?

తెల్లవారుజాము

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఈసారి మాత్రం మీ సలహా కావాలి.

మా చుక్క జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, ఆడది. ఒళ్ళంతా గోధుమరంగు చుక్కలు, అందుకే ఆ పేరు. వచ్చే నెలకు దానికి 12 నిండుతాయి. మా పాపకు 11. పాప నిలబడటం నేర్చుకున్నదే దాని వీపు పట్టుకుని.

రెండేళ్ళుగా చుక్కకు చెవులు వినపడటం లేదు. విజిల్ వేసినా తల తిప్పదు. కళ్ళలో నీలం రంగు పొర కనిపిస్తోంది. పొద్దున లేవగానే వెనక కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, నాలుగడుగులు వేశాక గానీ సర్దుకోవు. పోయిన సీజన్‌లో రెండు రోజులు వరసగా తిప్పాను. మూడో రోజు అది లేవలేకపోయింది. ఆ రోజే అనుకున్నాను, ఇక దీన్ని ఇంట్లోనే ఉంచాలని.

ఈ ఏడాది పాప మొదటిసారి నాతో వేటకు వస్తానంది. లైసెన్సు, అనుమతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆ విషయంలో ఇబ్బంది లేదు. కానీ పాప ఒకటే మాట: "చుక్క రాకపోతే నేనూ రాను." ఇటు చూస్తే, నేను అటక మీంచి వేట సంచీ దించిన మరుక్షణం ఆ ముసలిది వెళ్ళి తలుపు దగ్గర నిలబడుతుంది. ముక్కు మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు.

తీసుకెళ్ళాలా? తీసుకెళ్తే ఎలా? అనుభవం ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

కొత్తబూట్లు

తీసుకెళ్ళండి అన్నా. ఇంట్లో పడుకోబెడితే దిగులుతోనే సగం అయిపోతుంది. వేటకుక్క వేటలో ఉంటేనే బాగుంటుంది.

పశువైద్యురాలు

కొత్తబూట్లు గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. దిగులు నిజమే. కానీ ఉత్సాహం నొప్పిని కప్పేస్తుంది. వాసన తగిలాక ముసలి కుక్కకు తన కాళ్ళ సంగతి గుర్తుండదు. ఆపాల్సింది మీరు, అది ఆగదు.

కుక్క వయసును 7తో గుణించే లెక్క సరికాదు. 2020లో లాబ్రడార్ల డీఎన్ఏ మీద వచ్చిన అధ్యయనం ప్రకారం ఏడాది నిండిన కుక్క సుమారు 30 ఏళ్ళ మనిషితో సమానం, ఆ తర్వాత వేగం తగ్గుతుంది. ఆ లెక్కన 12 ఏళ్ళ కుక్కంటే 70 పైబడిన మనిషి. మీ నాన్నగారిని కొండ ఎక్కించే ముందు ఎంత ఆలోచిస్తారో అంత ఆలోచించండి.

కళ్ళలో నీలం పొర చాలావరకు వయసుతో కంటి కటకం గట్టిపడటం వల్ల వచ్చేదే. దానితో చూపు పూర్తిగా పోదు, మసక వెలుతురులో తడబడుతుందంతే. తెల్లగా, పాలు పోసినట్టు ఉంటే అది శుక్లం, ఆ కథ వేరు. ఏదైనా ఒకసారి మీ డాక్టరుకు చూపించండి. గుండె వినమనండి, తుంటి కీళ్ళు చూడమనండి. నొప్పికి మందు ఇవ్వాల్సి వస్తే ముందు రక్తపరీక్షతో కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయో తెలియాలి. దయచేసి ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ మాత్రం వేయకండి. మన మోతాదు మాత్రలు కుక్కను చంపగలవు.

కాళ్ళు బిగుసుకోవడం అంటున్నారు కాబట్టి సోమవారం నుంచి శనివారం దాకా సోఫా పక్కన పడుకోబెట్టి ఆదివారం పొలాల్లో పరిగెత్తించడం అన్నిటికన్నా చెడ్డ పని. కనీసం ఆరు వారాల ముందు నుంచి రోజూ నడిపించండి. పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. వేట రోజున కూడా కారు దిగగానే వదలకుండా పది నిమిషాలు తాడు పట్టుకుని నడిపించాలి. మొత్తం వేట ముప్పావుగంట దాటొద్దు, మధ్యలో విశ్రాంతి ఉండాలి. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు. ఇలాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీలు. 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి దారి. అలసట మొదట తోకలో కనిపిస్తుంది. ఊపు తగ్గుతుంది, తోక వాలుతుంది. తర్వాత వెనక కాళ్ళ అడుగులు పొట్టివవుతాయి. అది చూడగానే ఆపేయండి, కూలబడే దాకా ఆగకండి.

పాతతుపాకి

డాక్టరమ్మ కుక్క సంగతి చెప్పింది. నేను తుపాకి సంగతి చెప్తాను తమ్ముడూ. నలభై ఏళ్ళ మాట ఇది.

మొదటి వేటలో పిల్ల చేతికి తుపాకి ఇవ్వొద్దు. ఇది నా గట్టి అభిప్రాయం, ఇక్కడ కొందరు ఒప్పుకోకపోవచ్చు. తుపాకి చేతిలో ఉంటే పిల్ల కళ్ళు తుపాకి మీదే ఉంటాయి. మొదటి రోజు ఆ కళ్ళు కుక్క మీద ఉండాలి. ఒకే తుపాకి, ఒకే పెద్దమనిషి, అంతే. ఇంకో ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్ళకు.

చెవిటి కుక్కకు నీ తుపాకి ఎటు ఉందో తెలియదు. నువ్వు అరిచినా వినపడదు. కాబట్టి కుక్క కంటికి కనిపించనప్పుడు తుపాకి మధ్యలో తెరిచి, తూటాలు తీసి ఉంచు. పిట్ట లేచాక దాని కింద ఆకాశం కనిపిస్తేనే గురి పెట్టాలి. నేల బారుగా పోయే పిట్టను వదిలెయ్, ఎంత మంచి పిట్టైనా సరే. పొదల వెనక నీ కుక్క తల ఉండొచ్చు. కుక్కకూ, పాపకూ, నీకూ ముగ్గురికీ మెరిసే నారింజ రంగు చొక్కా ఉండాలి.

తుపాకి చప్పుడు 150 డెసిబెల్స్ పైమాటే. పిల్లల చెవులకు 120 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ప్లగ్‌లు పెట్టి, వాటి మీద ఎలక్ట్రానిక్ మఫ్‌లు పెట్టు. చిన్న చప్పుళ్ళను పెంచి వినిపిస్తాయి, పెద్ద చప్పుడును అడ్డుకుంటాయి. మన కాలంలో ఇవి లేవు. ఇవాళ నా కుడి చెవి సగం పనిచేస్తోంది. ఆ లెక్కన మీ చుక్క చెవులు కూడా వయసుతోనే పోయాయా అని నాకు అనుమానం. కుక్క తల మీదుగా ఎప్పుడూ కాల్చకు.

ఇంకొకటి. పాపకు ఒక మాట ఇవ్వు: తను "ఆగు" అంటే వేట ఆగిపోతుందని. కారణం అడగొద్దు. ఇచ్చాక ఆ మాట నిలబెట్టుకో.

గడ్డిపొద

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మాది లాబ్రడార్, 13 ఏళ్ళు. మావాడికి అప్పుడు 9. మీలాగే, ఇద్దర్నీ కలిపి ఒక్కసారి చూడాలనిపించింది. అంతా బాగానే నడిచింది. చివర్లో ఒక పిట్ట వాగు అవతల పడింది. నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి. నేను "వద్దులే" అనేలోపు మావాడు సరదాగా "తే! తే!" అని అరిచాడు. వాడి మాట అదెప్పుడూ కాదనలేదు. దూకింది. పిట్టను తెచ్చింది కూడా. గట్టెక్కి పిట్టను వాడి కాళ్ళ దగ్గర పెట్టి పక్కకు పడుకుంది. ఇక లేవలేదు. వాడు తన జాకెట్ విప్పి దాని మీద కప్పాడు. ఆ చలికి వణుకుతూ కూడా జాకెట్ వెనక్కి తీసుకోనన్నాడు. ఆస్పత్రిలో రెండు రోజులు బతికింది.

కుక్క వయసైపోయి పోయింది, అది నేను తట్టుకున్నాను. కానీ మావాడు ఏడాది దాకా "నేను అరవకుండా ఉంటే?" అని అడుగుతూనే ఉన్నాడు. ఇప్పటికీ ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు.

తీసుకెళ్ళొద్దని అనను. కుక్కకు పని చెప్పే బాధ్యత మాత్రం పిల్లల మీద పెట్టకండి. "వెళ్ళు", "తే" లాంటివన్నీ మీరే చెప్పండి. నీళ్ళున్న వైపు పోకండి.

తెల్లవారుజాము

గడ్డిపొద గారూ, మీరు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను. పాప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ అన్నయ్య తప్పు కాదని వాళ్ళకు రాయి నాన్నా" అంది. రాస్తున్నాను.

పాతతుపాకి గారూ, "ఆగు" మాట ఇచ్చేశాను. విజిల్ వినపడని కుక్కను పొలంలో ఎలా తిప్పుకోవాలో ఎవరైనా చెప్పగలరా? అదే నా పెద్ద టెన్షన్.

పాతతుపాకి

చెవులు పోయిన కుక్క నీ వైపు ఎక్కువ చూస్తుంది, గమనించావా? ఆ చూపునే వాడుకో. చెయ్యి పైకెత్తితే ఆగు, పక్కకు చాపితే అటు, తొడ మీద తడితే దగ్గరికి రా. కుక్క చూసిన ప్రతిసారీ ఏదో ఒక సైగ అందాలి. చూసినా పలకకపోతే చూడటం మానేస్తుంది. మొదట పది మీటర్ల తాడు కట్టి నేర్పు.

మెడకు చిన్న గంట కట్టు. అది దాని కోసం కాదు, మీ కోసం. గంట మోగుతున్నంతసేపూ కుక్క వెతుకుతున్నట్టు. గంట ఆగిందంటే పాయింట్ పట్టి, అంటే పిట్ట వాసన తగిలి అటే చూస్తూ కదలకుండా నిలబడినట్టు, లేదా కూర్చున్నట్టు. ఆ గంట వినే పని పాపకు ఇవ్వు.

రెండో పని, పిట్ట పడిన చోటు గుర్తుపెట్టుకోవడం. మసక కళ్ళ కుక్కకు పిట్ట ఎక్కడ పడిందో కనపడదు, తుపాకి చప్పుడు వినపడదు. పడిన చోటును ఒక చెట్టుతోనో రాయితోనో జత చేసుకుని, కన్ను తిప్పకుండా నిలబడమను.

ఆకునీడ

నేను వేటాడను. మా ఆయన, మా అబ్బాయి వెళ్తారు. అమ్మగా ఒకటి అడుగుతాను: పిట్ట చావడం పాప దగ్గర నుంచి చూస్తుంది కదా, దాని గురించి మాట్లాడారా? మా అబ్బాయి మొదటిసారి వెళ్ళొచ్చిన రోజు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఫోటోలు తీశారు, నవ్వమన్నారు. వాడు ఆ రాత్రి నా దగ్గరికొచ్చి "అమ్మా, దాని ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది" అన్నాడు. అంతే, పడుకున్నాడు. ఆ మాట అక్కడే, వాళ్ళ నాన్నతో అనుకునే వీలు వాడికి లేకపోయింది.

దెబ్బ తగిలి చావని పిట్ట దొరికితే పెద్దవాళ్ళే వెంటనే దాని బాధ తీర్చాలి. అది పాపకు ముందే చెప్పండి. పిట్టను ముట్టుకోమని బలవంతం చేయకండి, ముట్టుకుంటానంటే ఆపకండి.

తెల్లవారుజాము

లేదండీ, మాట్లాడలేదు. ఈ రాత్రే మాట్లాడతాను. చెప్పినందుకు చాలా థాంక్స్.

నేలచూపు

కుక్కను తీసుకెళ్ళాలా వద్దా అన్నది నేను చెప్పలేను. ఈ చర్చ చదువుతుంటే ఒక విషయం గుర్తొచ్చి రాస్తున్నాను.

1914లో జర్మనీలో బాన్ దగ్గర ఒబర్‌కాసెల్ అనే చోట రాతి క్వారీలో పనివాళ్ళకు ఒక పాత సమాధి దొరికింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్ళతో పాటు ఒక కుక్క. సుమారు 14,000 ఏళ్ళ నాటిది. వాళ్ళు వేట మీద బతికినవాళ్ళు. ఆ కుక్క ఏడు నెలల పిల్ల. దాని పళ్ళ మీద ఉన్న గుర్తులను బట్టి దానికి డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు) సోకి, వారాల తరబడి బాధపడిందని పరిశోధకులు తేల్చారు. ఎవరో దగ్గరుండి శుభ్రం చేసి, నీళ్ళు పట్టి, వెచ్చగా ఉంచితే తప్ప అన్ని రోజులు బతికే జబ్బు కాదది. ఆ పిల్ల వాళ్ళకు వేటలో ఏ రకంగానూ పనికొచ్చి ఉండదు. అయినా చూసుకున్నారు, తమతో పాటే పడుకోబెట్టుకున్నారు.

తెల్లవారుజాము

ఏడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. వెళ్ళొచ్చాం.

డాక్టరుకు చూపించాం. గుండె బాగుంది, రక్తపరీక్ష బాగుంది, వెనక కాళ్ళ కీళ్ళు అరిగాయన్నారు. మందు రాశారు, బరువు కిలోన్నర తగ్గించమన్నారు. సాయంత్రం నడక పాప తీసుకుంది. పది నిమిషాల నుంచి నలభై దాకా పెంచింది, ఒక్క రోజు కూడా మానలేదు. చేతి సైగలు కూడా ఎక్కువగా తనే నేర్పింది. పని చెప్పడం మాత్రం నాదేనని ముందే అనుకున్నాం.

ఆ రోజు చలిగా ఉంది, నేల తడిగా ఉంది, గాలి ఎదురుగా వస్తోంది. చుక్కకు గంట కట్టాను. పది నిమిషాలు తాడుతో నడిపించి వదిలాను. ఇదివరకటిలా అటూ ఇటూ దూసుకుపోలేదు. ముక్కు నేలకు రెండు వేళ్ళ ఎత్తున పెట్టి, ఒక్కో గడ్డిదుబ్బూ చదువుకుంటున్నట్టు నడిచింది. పాప దానికి ఆరడుగుల వెనక, అదే నడకలో. అది ఆగితే ఆగుతోంది, అది కదిలితే కదులుతోంది. నేను ఇద్దరి వెనకా.

ఇరవై నిమిషాలకు గంట ఆగింది. నేను గమనించనేలేదు, ఏదో ఆలోచిస్తున్నాను. పాప చెయ్యి పైకెత్తింది. చూస్తే చుక్క ఒక పొద ముందు బిగుసుకుని ఉంది. వయసులో ఉన్నప్పుడు ముందు కాలు మడిచి ఎత్తి పట్టేది. ఇప్పుడు నాలుగు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. వెనక తొడలు సన్నగా వణుకుతున్నాయి. తోక మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంది. నేను పక్కనుంచి చుట్టి ముందుకు వెళ్ళాను. రెండు పూరేళ్ళు లేచాయి. ఒకటి నేల బారుగా పోయింది, వదిలేశాను. రెండోది బాగా పైకి వెళ్ళింది. కాల్చాను, పడింది.

పాతతుపాకి గారూ, మీరన్నట్టే జరిగింది. పిట్ట ఎటు పడిందో చుక్కకు తెలియలేదు. లేచిన చోటే చుట్టూ తిరుగుతోంది. నాకూ సరిగ్గా తెలియలేదు. పాప నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, వేలు చాపి, "ఆ మోడుకీ తెల్ల రాయికీ మధ్యలో నాన్నా, రాయికే దగ్గర" అంది. ఆ చూపు తిప్పకుండా ముందుకు నడిచింది. నేను చుక్కను గాలికి ఎదురుగా ఉండేలా అటు తిప్పాను. రాయికి నాలుగడుగుల దూరంలో చుక్క మెడ ఒక్కసారి పక్కకు తిరిగింది. మూతి గడ్డిలోకి దూర్చి పిట్టను తీసింది. పాప చూపు లేకపోతే అది దొరికేది కాదు, చుక్క ముక్కు లేకపోయినా దొరికేది కాదు. ఆ గడ్డి మోకాలి ఎత్తుంది.

సగం దూరం తెచ్చి, పిట్టను కింద పెట్టి పక్కనే పడుకుంది. పాప మోకాళ్ళ మీద కూర్చుంది. కాసేపాగి పిట్ట రెక్క కింద వేలు పెట్టి చూసింది. "వెచ్చగా ఉంది" అంది. ఆకునీడ గారూ, మీ మాటే. "అవును" అన్నాను. పక్కన కూర్చున్నాను. "బాధ పడిందా?" అని అడిగింది. పడేటప్పటికే ప్రాణం పోయిందని చెప్పాను, అది నిజం. ఏడవలేదు. ఈకలు సవరించి నాకు ఇచ్చింది.

చుక్క లేచి మళ్ళీ ముందుకు లాగింది. గంట మోగుతోంది, తోక ఊగుతోంది. వాచీ చూస్తే ముప్పైఅయిదు నిమిషాలు. ఇంకో పది నిమిషాలుంది కదా అని నేనూ అడుగేశాను. పాప "ఆగు" అంది. ఎందుకని అడగబోయి, మాట ఇచ్చానని గుర్తొచ్చి ఆగిపోయాను. తుపాకి తెరిచి తూటాలు తీశాను. పాప వెళ్ళి తాడు తగిలించింది. కారు దగ్గరికి వచ్చాక చెప్పింది, వెనక ఎడమ కాలు ఈడుస్తోందని. నేను చూడలేదు. నా కళ్ళు ముందున్న పొద మీద ఉన్నాయి.

గడ్డిపొద

చదివాను. మావాడికి ఇప్పుడు 17. వాడికీ చదివించాను. మీ పాప అప్పుడు రాయమన్న మాట కూడా చూపించాను. ఫోన్ తీసుకుని తన గదిలోకి వెళ్ళాడు, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

పశువైద్యురాలు

చాలా సంతోషం. మర్నాడు ఎలా ఉంది? ఆ ఎడమ కాలు సంగతి చెప్పండి. వేళ్ళ మధ్య చూశారా? చెవుల లోపల? గడ్డిముళ్ళు చర్మంలో దిగి లోపలికి పాకుతూ పోతాయి, రెండు వారాల తర్వాత చీము పట్టాక గానీ తెలియదు.

తెల్లవారుజాము

చూశాం డాక్టర్ గారూ. సాయంత్రం పాప టార్చి లైటు పెట్టి ఒక్కో పాదం చూసింది. ఎడమ వెనక పాదంలో, రెండు వేళ్ళ మధ్య ఒక గడ్డిముల్లు సగం దిగి ఉంది. చిమటాతో తీశాం, ఉప్పునీళ్ళతో కడిగాం. ఈడ్చింది దానివల్లే అనుకుంటున్నా. మర్నాడు బిగుసుకునే లేచింది గానీ లేచింది, తిండి తింది. మూడో రోజుకు మామూలైంది.

పాతతుపాకి

బాగుంది తమ్ముడూ. మళ్ళీ ఎప్పుడు?

తెల్లవారుజాము

ఈ సీజన్‌లో ఇక తుపాకి తీయను పెద్దాయనా. పాప మాత్రం ఆదివారం చుక్కను అదే చోటికి ఉత్త నడకకు తీసుకెళ్దామంటోంది, గంట కట్టి. వెళ్తున్నాం.